స్కూల్లో పోలీసాయన మా వాణ్ణి గంటన్నర కూర్చోబెట్టి అడిగాడంట, మాకు ఫోన్ కూడా రాలేదు, ఇది ఇక్కడ మామూలేనా?

డల్లాస్_అమ్మ_13

అందరికీ నమస్తే. ఇక్కడ ఎప్పుడూ వీసా గొడవలే చదువుతుంటాను, ఇది వేరే సంగతి, ఎవర్ని అడగాలో తెలీక రాస్తున్నా, కొంచెం పెద్దదయితే ఏమీ అనుకోకండి.

మేము డల్లాస్‌కి ఉత్తరం వైపు ఉంటాం. ఊరి పేరు స్కూల్ పేరు రాయను, రాస్తే అరగంటలో మా వాట్సాప్ గ్రూపులన్నిటికీ తెలిసిపోతుంది. బాబు ఎయిత్ గ్రేడ్, పదమూడేళ్ళు. పోయిన గురువారం సెకండ్ పీరియడ్‌లో అసిస్టెంట్ ప్రిన్సిపాల్ వచ్చి వాణ్ణి క్లాసు లోంచి పిలిచిందంట, ఆఫీసు రూముకి తీసుకెళ్తే అక్కడ ఎస్ఆర్ఓ, అదే స్కూల్లో డ్యూటీ చేసే పోలీసాయన, కూర్చుని ఉన్నాడంట. విషయం ఏంటంటే ముందురోజు రాత్రి స్నాప్‌చాట్ గ్రూపులో ఎవడో రేపు స్కూలుకి రాకండి అని రాసి తుపాకీ బొమ్మ పెట్టాడు, మా వాడు దానికింద నవ్వే బొమ్మ పెట్టాడు. వాడు చేసింది అంతే.

తలుపేసి గంటన్నర అడిగారు. ఆ గ్రూపులో ఎవరెవరున్నారు, ఎవరింట్లో తుపాకీలున్నాయి, నువ్వెందుకు నవ్వావు, ఇంతకుముందు ఎవడన్నా ఇలా అన్నాడా. ఫోన్ అన్‌లాక్ చేసి ఇవ్వమంటే ఇచ్చేశాడు. నాకు లంచ్ అయ్యాక ఆఫీసు నుంచి కాల్ వచ్చింది, మీ అబ్బాయితో ఒక కాన్వర్సేషన్ చేశాం, అంతా ఓకే, కంగారు పడకండి అని. కంగారు పడొద్దు అనగానే కాళ్ళు వణికాయి నాకు.

సాయంత్రం వాణ్ణి అడిగా, ఫోన్ ఎందుకు ఇచ్చావురా అని. ఆఫీసర్ అడిగాడు కదా అమ్మా, పెద్దవాళ్ళు అడిగితే ఎదురు చెప్పకూడదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి అని నువ్వే కదా అంటావు అన్నాడు. నా నోట మాట రాలేదు. నిజమే, నేనే చెప్పా, మా అమ్మ నాకు చెప్పింది నేను వాడికి చెప్పా.

ఆ ఆఫీసరు చెడ్డవాడు అనట్లేదు. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడి పిల్లలందరికీ హైఫైవ్ ఇస్తాడు, మా వాడికి ఆయనంటే ఇష్టం కూడా. కానీ నడుముకి తుపాకీ, పక్కన టేజర్ అనే కరెంటు షాక్ కొట్టే గన్, మీద బుల్లెట్‌ప్రూఫ్ వెస్ట్, అలాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే పదమూడేళ్ళ పిల్లాడు నేను చెప్పను అనగలడా? మా ఆయనేమో ఇందులో తప్పేముంది, సేఫ్టీ కోసమే కదా, మనం రచ్చ చేస్తే వాడికే ఇబ్బంది, పైగా గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నాం, గమ్మునుండు అంటారు. నాకేమో నిద్ర పట్టట్లేదు. అమ్మానాన్నలకి చెప్పకుండా ఇలా అడగొచ్చా అసలు? ఎక్కడైనా రికార్డు అయిపోయి ఉంటుందా? మీ పిల్లలకి మీరేం చెప్పి పంపిస్తున్నారు?


కరీంనగర్_టు_ప్లేనో

అక్కా ఏమనుకోకు, నేను మీ ఆయన దిక్కే ఉంట. తుపాకీ బొమ్మ పెట్టి స్కూలుకు రాకున్రి అని ఒకడు రాసిండంటే వాళ్ళు అడగకపోతే గదా మనం భయపడాల్సింది? నా బిడ్డ థర్డ్ గ్రేడ్. 2022 మేలో మన టెక్సాస్‌లనే ఉవాల్డీ బడిల ఒకడు తుపాకీతోని 19 మంది చిన్న పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపిండు గదా, మర్నాడు పొద్దున బిడ్డను కారు లైన్ల దింపి అరగంట పార్కింగ్‌లనే కూసున్న, ఆఫీసుకు పోబుద్ధి కాలే. గప్పుడు మా ఎలిమెంటరీల పోలీసు లేడు. ఇప్పుడు ఉన్నడు. 2023ల హౌస్ బిల్ 3 అని చట్టం తెచ్చిన్రు, టెక్సాస్‌ల ప్రతి పబ్లిక్ స్కూల్‌ల బడి నడిచే టైముల ఒక ఆయుధమున్న మనిషి ఉండాలె అని. పైసలైతే సక్కగ ఇయ్యలే, అప్పుడు క్యాంపస్‌కు 15 వేల డాలర్లు, పిల్లకు పది డాలర్లు అన్నరు, గా పైసలకు పోలీసెక్కడ వస్తడు చెప్పు, పూర జీతానికి గవి ఏ మూలకు. అయినా మా స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఇక్కడి బళ్ళను నడిపే బోర్డు, పెట్టింది. పొద్దున గాయన కారు గేటు ముంగట కనవడితే నాకు ఊపిరాడుతది, గిది నిజం.

మీ బాబును కొట్టలే, తిట్టలే, అడిగిన్రు, ఇడిసిపెట్టిన్రు. ఫోన్ చెయ్యకపోవుడు తప్పే, అది నేను గూడ ఒప్పుకుంట. కానీ దానికి పోలీసే వద్దు అంటే ఎట్ల?


రాజోలు_కుర్రోడు

అక్క పోలీసే వద్దు అని ఎక్కడంది అన్నా, మళ్ళీ చదువు ఓసారి. ఫోన్ ఎందుకు చెయ్యలేదు అని అడిగిందంతే.

నువ్వు ఉవాల్డీ అన్నావు కాబట్టి చెప్తున్నా. ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి సొంత పోలీసు డిపార్ట్‌మెంటే ఉంది. ఆ రోజు అన్ని రకాల పోలీసులూ కలిపి 376 మంది వచ్చారు, టెక్సాస్ హౌస్ కమిటీ రిపోర్టులో రాశారది. లోపల పిల్లలు ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్లు చేస్తుంటే బయట వరండాలో 77 నిమిషాలు నిలబడ్డారు. పార్క్‌లాండ్‌లో 2018లో స్కూల్లో కాల్పులు జరిగినప్పుడు డ్యూటీ పోలీసు అక్కడే ఉన్నాడు, లోపలికెళ్ళలేదు, కేసు పెడితే 2023లో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. కొలంబైన్‌లో 1999లో కాల్పులు జరిగినప్పుడే స్కూలుకి ఆఫీసరున్నాడు. నేను వాళ్ళని వెక్కిరించట్లేదన్నా, నేనైనా ఆ తలుపు తీసేవాణ్ణో లేదో నాకు తెలీదు. కానీ ఏడాదికి నూట ఎనభై రోజులు తుపాకీతో ఎవడూ రాడు కదా, మరి ఆ రోజులన్నీ ఆయన ఏం చేస్తాడు? అదీ అసలు సంగతి. ఎవడో వేప్, అదే ఈ-సిగరెట్, తాగాడు, ఎవడో ఎవణ్ణో తోశాడు, ఇదిగో ఈ నవ్వే బొమ్మ. కాపలాకి పెట్టుకున్న మనిషి ఖాళీగా ఉండలేక హెడ్మాస్టరు పని చేస్తాడు, హెడ్మాస్టరు తన పని ఆయన మీద పడేస్తాడు. మా రోజుల్లో రాజోలు హైస్కూల్లో పిల్లలు కొట్టుకుంటే డ్రిల్లు మాస్టారు బెత్తం తీసేవాడు, అదీ గొప్ప కాదనుకో, కానీ మా నాన్న పోలీస్ స్టేషన్ మెట్లెక్కాల్సిన అవసరం రాలేదు.


కరీంనగర్_టు_ప్లేనో

77 నిమిషాల ముచ్చట నాకు తెల్వదా తమ్మీ. తెలిసినా నాకు గేటు ముంగట కారు కావాలె. బిడ్డ ఉన్నోనికి లెక్కలు చెప్తే ఎక్కవు.


లంచ్‌బాక్స్_టీచరమ్మ

సిస్టర్, నేను లాయర్ని కాదు, ఇది ముందే చెప్తున్నా. వేరే డిస్ట్రిక్ట్‌లో ఏడేళ్ళుగా స్పెషల్ ఎడ్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల క్లాసులో టీచరుకి సాయంగా చేస్తున్నా, ఇలాంటివి కళ్ళతో చూశా, మా ట్రైనింగుల్లో విన్నది, తర్వాత నేను చదువుకున్నది రాస్తున్నా.

ముందు మీ బాబు ఆ గదిలో ఎవరితో మాట్లాడాడు అనేది చూసుకోవాలి. ప్రిన్సిపాల్‌తోనా పోలీసుతోనా. వాడికి ఇద్దరూ స్కూలు పెద్దలే, చట్టానికి మాత్రం వేరువేరు. 1985లో న్యూజెర్సీ కేసొకటి సుప్రీంకోర్టుకెళ్ళింది, పద్నాలుగేళ్ళ పిల్ల బాత్రూంలో సిగరెట్ తాగుతూ టీచరుకి దొరికితే అసిస్టెంట్ వైస్ ప్రిన్సిపాల్ ఆమె పర్సు తెరిచి చూశాడు. బయట పోలీసుకి ఉండాల్సినంత బలమైన ఆధారం స్కూలువాళ్ళకి అక్కర్లేదు, తగిన అనుమానం ఉంటే చాలు అంది కోర్టు. స్కూలు వాళ్ళకి ఇచ్చిన ఈ వెసులుబాటు, పక్కన పోలీసాయన కూర్చున్నాక ఎవరిది అవుతుంది? చాలా చోట్ల జరిగేది ఏంటంటే ప్రిన్సిపాల్ అడుగుతుంది, ఆఫీసరు పక్కన కూర్చుని వింటాడు, పిల్లాడు చెప్పింది ఆయన నోట్‌బుక్‌లోకి పోతుంది. మీవాడు వెళ్ళింది మేడమ్ పిలిస్తే, చెప్పింది పోలీసుకి.

ఫోన్ సంగతి. పోలీసు ఎవరి ఫోన్ అయినా వెతకాలంటే వారంట్ కావాలి అని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, అరెస్టయినవాడి ఫోనయినా సరే. కానీ మనమే అన్‌లాక్ చేసి చేతికిస్తే ఇక వారంట్ గొడవే లేదు, ఇష్టపడి ఇచ్చినట్టు. పదమూడేళ్ళవాడు ఇష్టపడి ఇచ్చాడా భయపడి ఇచ్చాడా అని తర్వాత ఎవరు తేలుస్తారు, చెప్పండి.

అమ్మానాన్న లేకుండా అడగొచ్చా అన్నారు. టెక్సాస్‌లో అడగకూడదు అనే రూల్ లేదు, నాకూ తెలిసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. కస్టడీలోకి తీసుకుంటే మాత్రం వెంటనే చెప్పాలి, కస్టడీలో ఉన్న మైనర్ రాతపూర్వకంగా ఇచ్చే స్టేట్‌మెంట్‌కి మెజిస్ట్రేట్ వార్నింగులు, అదంతా వేరే పద్ధతి ఉంది. కానీ ఆఫీసు రూములో కూర్చోబెట్టి మాట్లాడితే అది కస్టడీయా, మామూలు మాటలా? నార్త్ కరోలినాలో ఇలాగే పదమూడేళ్ళ పిల్లాణ్ణి క్లాసులోంచి తీసుకెళ్ళి తలుపేసి అడిగారు, ఆ పిల్లాణ్ణి పెంచుతున్న అమ్మమ్మకి ఫోన్ చెయ్యలేదు, దొంగతనం ఒప్పుకున్నాడు. 2011లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోవచ్చు అని పిల్లాడికి అనిపించిందా లేదా అని చూసేటప్పుడు వాడి వయసు కూడా లెక్కలోకి తీసుకోవాలి అని. అయిదుగురు అవునన్నారు, నలుగురు కాదన్నారు. అమ్మానాన్నకి తప్పకుండా ఫోన్ చెయ్యాలి అని మాత్రం అనలేదు.

మీకు పనికొచ్చేది ఇంకొకటి. 2019లో టెక్సాస్ చట్టం మార్చారు, మామూలు క్రమశిక్షణ పనులు, ఆఫీసు పనులు ఎస్ఆర్ఓకి అప్పజెప్పకూడదు, ఆయన డ్యూటీలు ఏంటో డిస్ట్రిక్ట్ పాలసీలో రాసిపెట్టాలి అని. మీటింగుకి వెళ్తే అది అడగండి, ఇది క్రమశిక్షణ విషయమా, పోలీసు విషయమా, మీరు దేని కింద పిలిచారు అని. బెదిరింపు మెసేజ్ కాబట్టి పోలీసు విషయమే అంటారు, అనొచ్చు కూడా, ఇక్కడ టెర్రరిస్టిక్ థ్రెట్ అని నేరం ఉంది, సరదాకి రాశా అంటే వినరు, ఆ రాసినవాడు డీఏఈపీకి, అంటే ఆల్టర్నేటివ్ స్కూలుకి పోవడం దాదాపు ఖాయం. కానీ అలా అనేస్తే మరి పోలీసు విషయానికి మాకెందుకు ఫోన్ చెయ్యలేదు అని అడగొచ్చు మీరు.

మా పిల్లలకి నేను చెప్పేది ఇదే: అబద్ధం చెప్పొద్దు, పరిగెత్తొద్దు, చెయ్యి విదిలించొద్దు, గొంతు పెంచొద్దు. మా అమ్మ వచ్చాక మాట్లాడతా సార్, ఫోన్ కూడా అమ్మనే అడగండి. ఇంతే అను, మళ్ళీ అడిగితే మళ్ళీ ఇదే అను. ఇంట్లో మూడుసార్లు ప్రాక్టీస్ చేయించా, మా చిన్నది నవ్వు ఆపుకోలేక చచ్చింది.


డల్లాస్_అమ్మ_13

టీచరమ్మ గారూ చాలా థాంక్సండి, రెండుసార్లు చదివాను. మరి ప్రిన్సిపాల్ అడిగితే కూడా అమ్మ వచ్చాకే అనొచ్చా? రికార్డు గురించి కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్, మా ఆయన భయం అదే.


లంచ్‌బాక్స్_టీచరమ్మ

ప్రిన్సిపాల్ అడిగితే కొంచెం చిక్కేనండి, జవాబు చెప్పకపోతే మొండితనం కింద రాసి డిటెన్షన్ వెయ్యగలరు. నేనైతే డిటెన్షన్ పడితే పడనీ అంటా. ఆఫీసరు ఆ గదిలో ఉంటే ప్రిన్సిపాల్ ప్రశ్న కూడా పోలీసు ప్రశ్నే అనుకోమని చెప్పా మా వాళ్ళకి.

రికార్డుకి వస్తే, టెక్సాస్‌లో పదేళ్ళు నిండినప్పటి నుంచి పదిహేడు లోపు పిల్లల కేసులు జువనైల్ కోర్టుకి, అంటే పిల్లల కోర్టుకి పోతాయి, పదిహేడు నిండితే పెద్దవాళ్ళ కిందే లెక్క, ఇంకా హైస్కూల్ సీనియరే అయినా సరే. ఇమిగ్రేషన్ వాళ్ళు జువనైల్ కోర్టు తీర్పుని మామూలు శిక్షలా చూడరు, కానీ ఫారాల్లో అరెస్టయ్యారా అని అడుగుతారు, డ్రగ్స్ సంగతైతే ఇంకా మెలికలుంటాయి. మీ వాడి విషయంలో అరెస్టే లేదు. మనసు ఊరుకోకపోతే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక అరగంట మాట్లాడండి, ఫోరంలో మా మాటలు పట్టుకోకండి. పదిహేడు దాటిన పిల్లలున్నవాళ్ళు మాత్రం వేప్ విషయంలో జాగ్రత్త, గంజాయి నూనె ఉన్న వేప్ పెన్ దొరికితే ఇక్కడ అది ఫెలనీ, అంటే పెద్ద నేరం కింద లెక్క, చిన్న పెన్నే కదా అనుకోవద్దు.


నేపర్‌విల్_మామయ్య

అమ్మా, మా షికాగో వైపు సంగతి చెప్తాను. ఇక్కడ నేపర్‌విల్‌లో 2017 జనవరిలో పదహారేళ్ళ కుర్రాణ్ణి హైస్కూల్లో డీన్, స్కూలు పోలీసు కలిసి ఫోన్లో ఉన్న ఒక రికార్డింగ్ గురించి ప్రశ్నించారు. ఆ రోజే ఆ పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. ఇంతకన్నా వివరంగా రాయలేను, మా ఊళ్ళో ఇప్పటికీ ఆ మాటెత్తితే తల్లులు మాట మార్చేస్తారు. ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు, తిరిగారు, అడిగారు. 2019లో ఇల్లినాయ్‌లో చట్టం వచ్చింది, పద్దెనిమిది లోపు పిల్లల్ని నేరం అనుమానంతో స్కూల్లో పోలీసు ప్రశ్నించే ముందు తల్లిదండ్రులకి తెలియజెయ్యాలి, వాళ్ళు దగ్గరుండేలా ప్రయత్నం చెయ్యాలి, కుదరకపోతే కౌన్సిలర్ లాంటి వాళ్ళయినా పక్కన ఉండాలి. తర్వాత 2021లో ఇంకోటి, మైనర్లని ప్రశ్నించేటప్పుడు పోలీసు అబద్ధాలు చెప్పి ఒప్పించకూడదు అని, దేశంలో మొదట ఇక్కడే.

అంటే దానికి ముందు అబద్ధం చెప్పొచ్చన్నమాట! నీ స్నేహితుడు అంతా చెప్పేశాడు నువ్వూ చెప్పెయ్ అనొచ్చు. చాలా రాష్ట్రాల్లో ఇప్పటికీ అనొచ్చు. మనం పిల్లలకి ఆఫీసరు అబద్ధమాడడు అని నేర్పుతాం చూడండి.

మీ ఆయనతో నా మాటగా చెప్పు తల్లీ. మీటింగు అడగడం రచ్చ కాదు. ఇక్కడ పేరెంట్స్ కాఫీ కప్పు పట్టుకుని వెళ్ళి బస్సు అయిదు నిమిషాలు లేటయిందని కూడా అడుగుతారు, మనమే పర్మిషన్ తీసుకుని దగ్గుతాం.


ఇర్వింగ్_పిల్ల_2005

నా తెలుగు టైపింగ్ తప్పులుంటే సారీ, మా అమ్మ ఈ పోస్ట్ పంపించింది. నేను టెక్సాస్‌లోనే పుట్టి పెరిగాను, ఇప్పుడు కాలేజ్. మిడిల్ స్కూల్ నుంచి ప్రతి ఏడాది స్కూల్లో ఆఫీసరు ఉన్నారు, సో మాకు వింత కాదు, కెఫెటీరియా ఆంటీలాగా ఆయన కూడా ఒకరు. డోనట్స్ తెచ్చేవారు. నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు.

కానీ ఒకటి చెప్పాలి. నేను, నా ఫ్రెండ్ ఇద్దరం క్లాసుకి లేట్, ఇద్దరి దగ్గరా పాస్ లేదు, సేమ్ హాల్‌వే. నన్ను చూసి గో గో హర్రీ అన్నారు. తనని ఆపి బ్యాగ్ ఓపెన్ చెయ్యమన్నారు. తను బ్లాక్. నేను అప్పుడు ఏమీ అనలేదు, క్లాసుకి వెళ్ళిపోయాను. అది ఇప్పటికీ గుర్తొస్తుంది నాకు. తర్వాత కాలేజ్‌లో ఒక పేపర్ రాస్తూ చూశాను, ఫెడరల్ గవర్నమెంట్ 2017-18 లెక్కల్లో స్కూల్స్‌లో బ్లాక్ స్టూడెంట్స్ 15 పర్సెంట్, స్కూల్లో అరెస్ట్ అయినవాళ్ళలో మాత్రం 31 పర్సెంట్ పైన. నా ఫ్రెండ్‌కి ఆ నంబర్ చెప్తే తను సర్‌ప్రైజ్ అవ్వలేదు.

మన ఆంటీలు అంకుల్స్ మన పిల్లలకి ఏం కాదులే, మనవాళ్ళు గుడ్ స్టూడెంట్స్ అంటారు. మా ఇర్వింగ్‌లోనే 2015లో పద్నాలుగేళ్ళ అబ్బాయి ఇంట్లో చేసిన క్లాక్ టీచర్‌కి చూపించడానికి తెస్తే బాంబ్‌లా ఉంది అని పోలీసుని పిలిచి హ్యాండ్‌కఫ్స్ వేశారు. సైన్స్ అంటే పిచ్చి ఉన్న బ్రౌన్ పిల్లాడు, ముస్లిం పేరు, కళ్ళజోడు. కేసు ఏమీ పెట్టలేదు చివరికి, కానీ మూడు రోజులు సస్పెండ్ చేశారు. పేరెంట్స్‌కి కాల్ చెయ్యనివ్వలేదు అని ఆ అబ్బాయి చెప్పాడు. ప్రెసిడెంట్ ఒబామా వైట్‌హౌస్‌కి రమ్మన్నారు కాబట్టి అందరికీ తెలిసింది. ఆ వారం మా నాన్న నా సైన్స్ ఫెయిర్ బాక్స్ లోంచి వైర్లు అన్నీ తీసేసి కార్డ్‌బోర్డ్ మోడల్ చెయ్యమన్నారు. నాకు పదేళ్ళు అప్పుడు. సెకండ్ ప్రైజ్ వచ్చింది, వైర్లు ఉంటే ఫస్ట్ వచ్చేది.

ఇంకా ఒకటి, పోలీసుని తీసేసిన స్కూల్స్ కూడా ఉన్నాయి. మినియాపోలిస్‌లో 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే బ్లాక్ ఆయన పోలీసు చేతిలో చనిపోయాక స్కూల్ బోర్డ్ పోలీస్ కాంట్రాక్ట్ క్యాన్సిల్ చేసింది, డెన్వర్ కూడా తీసేసింది, కానీ 2023లో అక్కడ ఒక హైస్కూల్లో స్టూడెంట్ ఇద్దరు స్టాఫ్‌ని షూట్ చేశాక మళ్ళీ తెచ్చారు. సో నాకు ఆన్సర్ తెలీదు. బాబుకి హాయ్ చెప్పండి ఆంటీ, వాడు ఏమీ తప్పు చెయ్యలేదు.


గుంటూరు_లెక్కల_మేష్టారు

మా అబ్బాయి అట్లాంటాలో ఉంటాడు కాబట్టి ఈ గ్రూపు చూస్తుంటాను. నేను ఇక్కడ జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా బళ్ళో పోలీసు పోస్టింగ్ అనేది లేదు. ఎస్సై గారు ఏడాదికి రెండు సార్లు వస్తారు, మైకు పట్టుకుని గంజాయి వద్దు, బండి మీద హెల్మెట్ పెట్టుకోండి అంటారు, పిల్లలు చప్పట్లు కొడతారు, ఆయన వెళ్ళిపోతారు. ఈ మధ్య సచివాలయం మహిళా పోలీసమ్మ వచ్చి ఆడపిల్లలతో మాట్లాడేది. అంతవరకే.

కాగితం మీద మన చట్టం మెత్తనిదే. 2015 జువనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, దాని నియమాల ప్రకారం బేడీలు వెయ్యకూడదు, పిల్లలతో మాట్లాడే పోలీసు యూనిఫాంలో ఉండకూడదు, తల్లిదండ్రులకి కబురు చెయ్యాలి, ఘోరమైన నేరమో, పెద్దవాళ్ళతో కలిసి చేసిందో అయితే తప్ప ఎఫ్ఐఆర్ కూడా కట్టకూడదు. యూనిఫాం వద్దు అన్న ఆ ఒక్క ముక్క చూడండి, ఎవరో పిల్లల్ని ఎరిగినవాడే రాసుంటాడు. ఇక ఆచరణ అంటారా, మా ఊళ్ళో ఒకసారి సెల్‌ఫోన్ పోయిందని ముగ్గురు టెన్త్ పిల్లల్ని స్టేషన్‌కి రమ్మన్నారు, నేను కూడా పోయి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నాను. ఆ ముగ్గురిలో ఇద్దరు కూలోళ్ళ పిల్లలు. మూడోవాడి తండ్రికి పలుకుబడి ఉంది, వాడు పది నిమిషాల్లో బయటికొచ్చాడు. ఆ అమ్మాయి రాసిన హాల్‌వే కబురు చదివితే నాకు ఆ బెంచీ గుర్తొచ్చింది.

పిల్లాడు పెద్దవాళ్ళు అడిగితే చెప్పాలి అన్నాడని బాధపడకమ్మా. బాగానే పెంచావు.


లండన్_లో_లక్ష్మి

మేష్టారూ, యూనిఫాం లేకపోయినా తలుపు వేస్తే చాలండి. ఇక్కడ హాక్నీలో 2020 డిసెంబర్‌లో పదిహేనేళ్ళ నల్లజాతి అమ్మాయి దగ్గర గంజాయి వాసన వస్తోందని టీచర్లే పోలీసుని పిలిచారు. ఇద్దరు ఆడ ఆఫీసర్లు స్కూల్లోనే బట్టలు విప్పించి వెతికారు. ఆ పిల్ల నెలసరిలో ఉంది. తల్లికి ఫోన్ లేదు, పక్కన పెద్దవాళ్ళెవరూ లేరు. ఏమీ దొరకలేదు. 2022లో రిపోర్టు బయటికొచ్చాక స్కూలు పిల్లలు రోడ్డెక్కారు, 2025లో ఆ కేసుకి సంబంధించిన పోలీసుల్లో ఇద్దరిని ఉద్యోగం నుంచి తీసేశారు. నాకు ఇప్పటికీ కోపం పోలీసుల మీద కన్నా ముందు ఫోన్ చేసిన ఆ టీచర్ల మీదే. వాళ్ళు బయట నిలబడి ఉన్నారు.


డల్లాస్_అమ్మ_13

అందరికీ పేరు పేరునా థాంక్స్. లక్ష్మి గారూ అది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశానండి.

నిన్న మీటింగుకి వెళ్ళాం. మా ఆయన కూడా వచ్చారు, నేపర్‌విల్ మామయ్య గారి మాట చదివి వినిపించా, దగ్గడం దగ్గర నవ్వి లీవ్ పెట్టారు. అసిస్టెంట్ ప్రిన్సిపాల్ చాలా మర్యాదగానే మాట్లాడింది. ఇది క్రమశిక్షణ విషయమా పోలీసు విషయమా అని టీచరమ్మ గారు చెప్పినట్టే అడిగా. సేఫ్టీ విషయం అంది. అంటే ఆ రెండిట్లో ఏది అని మళ్ళీ అడిగా. సేఫ్టీ ఈజ్ ఎవ్రీబడీస్ జాబ్ అంది. మా ఆయన అప్పుడు మొదటిసారి నోరు తెరిచి, మరి మా జాబ్ ఎప్పుడు మొదలవుతుంది మేడమ్, లంచ్ తర్వాతా అన్నారు. నేను ఆయన వంకే చూస్తుండిపోయా, పద్దెనిమిదేళ్ళ పెళ్ళిలో ఆయన ఎదురు మాట్లాడ్డం ఇది రెండోసారి.

ఆఫీసరు కూడా వచ్చాడు. ఆయనే అన్నాడు, ఫోన్ చేసి ఉండాల్సింది, ఆ పొద్దున పదకొండు మంది పిల్లలతో మాట్లాడాల్సి వచ్చింది, ఎవడి ఇంట్లో నిజంగా తుపాకీ ఉందో తెలీక పరిగెడుతున్నాం, నాకూ పిల్లలున్నారు అని. మనిషి అబద్ధం చెప్తున్నట్టు లేడు. కరీంనగర్ తమ్ముడూ, నువ్వు చెప్పింది కూడా అప్పుడు గుర్తొచ్చింది. ఆ పదకొండు మందిలో ఎంతమంది ఇళ్ళకి ముందుగా ఫోన్ చేశారు అని అడిగితే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ రోజు రాసుకున్న నోట్స్, బాడీ కెమెరా వీడియో అడిగాం. అవి స్కూలు రికార్డులు కాదు, సిటీ పోలీసువి, అక్కడ అడగండి అన్నారు. అంటే గది స్కూలుది, పిలిచింది స్కూలు, కాగితం మాత్రం పోలీసుది. డిస్ట్రిక్ట్‌కి సిటీ పోలీసుకి మధ్య రాసుకున్న ఒప్పందం కాపీ కూడా అడిగాం, రాతపూర్వకంగా రిక్వెస్ట్ పెట్టండి అన్నారు.

ఇవాళ పొద్దున కారు దిగుతూ మా వాడు అడిగాడు, అమ్మా ఆయన హైఫైవ్ ఇస్తే ఇవ్వాలా వద్దా అని. నీ ఇష్టంరా అన్నా. వెనక కార్లు హారన్ కొడుతున్నాయి. వాడు బ్యాగ్ రెండు భుజాలకీ సరిగ్గా తగిలించుకుని, ఎప్పుడూ ఒక భుజానికే వేసుకుంటాడు, గేటు దాకా వెళ్ళి చెయ్యి ఇచ్చాడు. ఆయన వాడి పేరు పెట్టి పిలిచాడు. ఇంతకుముందు పేరు తెలీదు ఆయనకి.

టెక్సాస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిక్వెస్ట్, మన ఆర్టీఐ లాంటిది, ఎవరైనా పెట్టారా? ఎలా రాయాలో ఒక నమూనా ఉంటే పంపండి ప్లీజ్. ఒప్పందం, పాలసీ, ఆ రోజు వీడియో, మూడూ ఒకే లెటర్‌లో అడగొచ్చా, వేరు వేరుగానా?


లంచ్‌బాక్స్_టీచరమ్మ

వేరు వేరుగా పెట్టండి సిస్టర్. ఒప్పందం, పాలసీ డిస్ట్రిక్ట్‌కి ఒక లెటర్, వీడియో సిటీ పోలీసుకి ఇంకొకటి. తేదీ, టైము, రూము, ఆఫీసరు పేరు అన్నీ రాయండి. ఇవ్వం అనాలంటే వాళ్ళు పది వర్కింగ్ డేస్ లోపు, బాడీ కెమెరా వీడియోకైతే ఇరవై లోపు, అటార్నీ జనరల్‌ని అడగాలి, పైగా మైనర్ సంగతి కాబట్టి వీడియోకి అడ్డం చెప్తారు, అయినా పెట్టండి. నేను మా డిస్ట్రిక్ట్‌కి పెట్టినప్పటి లెటర్ ఉంది, పేర్లు తీసేసి మెసేజ్ చేశా, చూసుకోండి.


కరీంనగర్_టు_ప్లేనో

టీచరమ్మా, గా లెటర్ నాకు గూడ పంపు జర. మా ఎలిమెంటరీల ఏం రాసుకున్నరో నేను గూడ సూస్త.